ఇక్కడ వద్దండి

2 సెప్టెంబర్ 2025, మంగళవారం

తెనాలి నుంచి రాజీవ్ వచ్చాడు. ముప్పై దాటని మనిషి, అప్పుడే సొంతంగా నాటక సమాజం నడుపుతున్నాడు. నవంబరులో తెనాలిలో జరిగే నాటకోత్సవంలో నా ‘కాలని బట్ట’ వేస్తాడట. పందొమ్మిదేళ్ల కిందటి నాటిక. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారంటే, అబద్ధమెందుకు, అతను వెళ్లినప్పటి నుంచి ఒళ్లు తేలికగా ఉంది.

“ఆఖరి డైలాగు దగ్గర ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుందండి సార్,” అని కుర్చీలోంచి లేచి చెప్పి చూపించాడు. “ఇక్కడ వద్దండి. ఇక్కడే కాదు, ఎక్కడా వద్దు. కాలింది కొట్టు. నేను కాదు.”

బాగా చెప్పాడు. మా ఆవిడ లక్ష్మీదుర్గ వంటింట్లోంచి తొంగి చూసి వెళ్లింది.

ఇంకొక కోరిక కూడా చెప్పాడు. నాటిక అయ్యాక, ఆ కథకి అసలు మనిషి అయిన టైలర్ నజీరుద్దీన్‌ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాలట. “రియల్ హీరో అండి ఆయన. చేతికిచ్చిన డబ్బు వద్దనేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారండి?”

నజీర్‌తో నేను మాట్లాడతానన్నాను. తెనాలి మున్సిపల్ స్కూల్లో ఒకే బెంచీ మీద పెరిగినవాళ్లం. నేనడిగితే కాదనడు.

జరిగింది జరిగినట్టు రాశాను కాబట్టే ఆ నాటిక ఇన్నేళ్లు నిలబడింది. రాజీవ్‌కీ అదే చెప్పాను.

4 సెప్టెంబర్

నజీర్‌కి ఫోన్ చేయాలి.

5 సెప్టెంబర్

కాలేజీలో పిల్లలు పెన్ను బహూకరించారు. నజీర్‌కి చేయలేదు. ఎల్లుండి నేనే వెళ్తాను.

7 సెప్టెంబర్, ఆదివారం

తెనాలి వెళ్లొచ్చాను. అదే అద్దె ఇల్లు, అవే రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన మిషను. ఒకప్పుడు రాజుల అంగీలు, రాణుల పైటలు, సేనాపతుల కోట్లు కుట్టిన చేతులు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో నాటకం వేసే ప్రతి సమాజమూ నజీర్ కొట్టు మెట్లు ఎక్కాల్సిందే. ఇప్పుడు ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, చీరలకి ఫాల్ కుట్టడం. చూపు కూడా తగ్గింది. సూదిలో దారం భార్య మున్నీసా ఎక్కించి ఇస్తోంది.

గోడ మీద ఆ పేపరు కటింగు, ప్లాస్టిక్ తొడిగి. నజీర్ రెండు చేతులూ జోడించి ఉంటాడు. ఎదురుగా రైసుమిల్లు రామబ్రహ్మం గారు డబ్బు కవరు పట్టుకుని. వెనకాల సగం మొహంతో నేను.

“మళ్లీ వేస్తున్నారా!” అని నజీర్ మిషను ఆపేశాడు. “ఏరా శంకరం, మొన్న బ్యాంకులో ఏమైందో తెలుసా? ఎవరో కుర్రాఫీసరు లేచి నమస్కారం పెట్టాడు. వాళ్ల నాన్న చూశాట్ట మన నాటిక. ఇంటికెళ్లినప్పుడల్లా చెప్పేవాట్ట. కూర్చోబెట్టి పని చేసి పంపించాడు.”

శాలువా సంగతి చెప్పాను. తెల్లచొక్కా ఉతికించుకోవాలన్నాడు. నవంబరుకి ఇంకా రెండు నెలలుంది!

మున్నీసా టీ తెచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి, వెళ్లబోయి ఆగింది. “ఖతీజాకి కూడా మీరే చెప్పండి అన్నయ్యా. అమ్మానాన్నలం మేం చెబితే రాదు. రేపల్లెలో మందుల షాపులో చేస్తోంది. ఆ నాటకం ఇంతవరకూ చూడలేదు.”

“తప్పకుండా చెబుతానమ్మా,” అన్నాను.

నజీర్ సూది కళ్ల దగ్గర పెట్టుకుని దారం ఎక్కించే పనిలో ఉన్నాడు. దారం ఎప్పుడో ఎక్కించే ఉంది.

9 సెప్టెంబర్

పాత రాతప్రతి తీశాను. రాజీవ్‌కి పంపే ముందు ఒకసారి చూసుకుందామని.

2006 మే. మార్కెట్ వెనక సందులో నజీర్ కొట్టు కాలిపోయింది. కరెంటు తీగల దగ్గర మంట పుట్టిందన్నారు. ఇరవై ఏళ్లుగా కుట్టి దాచుకున్న నాటకాల దుస్తులన్నీ ఒక్క మధ్యాహ్నంలో బూడిద. నెలాఖరున నాటకాలవాళ్లందరం కలిసి సభ పెట్టాం. రైసుమిల్లు రామబ్రహ్మం గారు, నాటకాలంటే చెవి కోసుకునే మనిషి, వేదిక మీదికొచ్చి నజీర్ చేతికి కవరు ఇవ్వబోయారు. నజీర్ రెండు చేతులూ జోడించి “ఇక్కడ వద్దండి” అన్నాడు. మైకులో వినపడింది. హాలంతా లేచి నిలబడింది. అన్ని చప్పట్లు నా నాటకాలకి ఎన్నడూ పడలేదు.

అంతే. అదే రాశాను. మూడు వారాల్లో పూర్తయింది.

వెనక వరసలవాళ్లకి వినపడని మాట ఒకటుంది. నేను నజీర్ పక్కనే నిలబడి ఉన్నాను. “ఇక్కడ వద్దండి” అన్నాక గొంతు తగ్గించి, “రేపు ఇంటికొచ్చి తీసుకుంటానండి” అన్నాడు. మైకు మొదటి మాటే అందుకుంది. రెండోది చప్పట్లలో పోయింది. రామబ్రహ్మం గారికీ వినపడలేదు. కవరు జేబులో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ దిగిపోయారు.

నాకు వినపడింది.

నాటికకి ఆ రెండో మాట అక్కర్లేదు. ఏ రచయిత అయినా అంతే చేస్తాడు, జీవితంలోంచి కావలసినంత తీసుకుంటాడు. దీన్ని అబద్ధం అనరు. క్లాసులో ఎన్నిసార్లు చెప్పలేదు ఈ సంగతి?

14 సెప్టెంబర్, ఆదివారం

చెరుకుపల్లి మీదుగా బస్సులో రేపల్లె. షాపు బస్టాండు దగ్గరే. ఖతీజాని చూసి చాలా ఏళ్లయింది. ముప్పై ఆరు వచ్చి ఉంటాయి. నుదుటి దగ్గర జుట్టు కాస్త నెరిసింది. కౌంటరు దగ్గర ఒక ముసలామె చీటీ పట్టుకుని ఉంటే, ఏ బిళ్ల అన్నానికి ముందో, ఏది తర్వాతో, అట్టల మీద గీతలు గీసి చూపిస్తోంది.

ఆమె వెళ్లాక నన్ను లోపలికి పిలిచి స్టూలు వేసింది. నాటకోత్సవం సంగతి చెప్పాను.

“నేను రాను మామయ్యా,” అంది. “చూడలేదు గానీ చదివాను. నాన్న పుస్తకం దాచుకున్నాడుగా. అందులో టైలర్‌కి పిల్లల్లేరు.”

“నాటికలో పాత్రలు తక్కువ ఉండాలమ్మా. ముప్పావుగంటలో అయిపోవాలి కదా.”

“అది కాదు మామయ్యా.” మందుల పెట్టెలు అరల్లో సర్దుతూ మాట్లాడుతోంది. కోపం ఏమీ లేదు గొంతులో. “ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే, ఆ కవరు వద్దన్న మనిషికి జనం చప్పట్లు కొట్టరు, తిడతారు. అందుకని నన్ను తీసేశారు.”

నేనేదో అనబోయాను. ఆమె ఆపలేదు.

“ఆ ఏడే నాకు గుంటూరులో నర్సింగ్ సీటొచ్చింది. సినిమాల్లో పేదింటి పిల్ల ఒక్క పాట అయ్యేసరికి డాక్టరై కారు దిగుతుంది. అమ్మా నేనూ అవి చూసి ఏడ్చేవాళ్లం. మనకీ ఎవరో ఒకరు వస్తారనుకునేవాళ్లం. వచ్చారు కూడా. రామబ్రహ్మం తాతగారు. నాన్న మర్నాడో ఆ మర్నాడో వెళ్లి తెచ్చుకునేవాడే. పేపర్లో ఫోటో పడింది. ఆగాడు. మీరు నాటిక వేశారు. ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?”

“నాతో ఒక్కమాట చెప్పుండాల్సిందమ్మా మీ నాన్న.”

చేతిలో పెట్టె అలాగే పట్టుకుని నావైపు తిరిగింది. “చెప్పాడు కదా మామయ్యా. ఆగస్టులో బాపట్ల వచ్చాడు, మీ ఇంటికి.”

“గుర్తు లేదమ్మా,” అన్నాను.

“అవునా,” అంది. ఇంతలో ఎవరో దగ్గుమందు అడిగితే అటు వెళ్లింది.

15 సెప్టెంబర్

నిజంగానే గుర్తు లేదు. పందొమ్మిదేళ్లు.

16 సెప్టెంబర్

గుర్తు లేదు.

18 సెప్టెంబర్

డిగ్రీ రెండో సంవత్సరం వాళ్లకి నవలా పాఠం. రైతు కుటుంబం, కరువు, తల్లి తన అన్నం పిల్లలకి పెట్టి మంచినీళ్లు తాగి పడుకునే ఘట్టం. నేను బాగా చెబుతానని పేరున్న పాఠం. మధ్యలో ఒక అమ్మాయి లేచి, “సార్, కథల్లో లేనివాళ్లంతా ఇంత మంచిగా ఎందుకుంటారండి? మా ఇంట్లో నెలాఖరైతే రోజూ గొడవేనండి,” అంది. క్లాసంతా నవ్వింది. సాహిత్యం ఆదర్శాన్ని చూపిస్తుందని ఏదో చెప్పి కూర్చోబెట్టాను.

దారంతా రామబ్రహ్మం గారే గుర్తొచ్చారు. ఆయన మామూలు నేత పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా. నాటికలో ఆయనకి పట్టుపంచె కట్టాను. మెళ్లో గొలుసు వేశాను. కవరు చాచేటప్పుడు వెకిలిగా నవ్వించాను. డబ్బున్నవాడు మంచివాడైతే, వేదిక మీద లేనివాడు ఎవరిని గెలవాలి? అందుకని.

తెనాలిలో మొదటి ప్రదర్శనకి ఆయన వచ్చారు. ముందు వరసలో కూర్చున్నారు. చివరి రంగం కాకముందే లేచి వెళ్లిపోయారు. పని ఉండి వెళ్లారనుకున్నాను. ఆ తర్వాత ఏ నాటకానికీ రాలేదు. ఆరేళ్ల కిందట పోయారు. నేను వెళ్లలేదు, పరీక్షల డ్యూటీ.

21 సెప్టెంబర్, ఆదివారం

పొద్దున టిఫిన్ దగ్గర లక్ష్మీదుర్గని అడిగాను. “ఖతీజా చదువు సంగతి మాట్లాడటానికి నజీర్ ఎప్పుడైనా మనింటికొచ్చాడా?”

“వచ్చాడుగా. ఆ నాటకాల పోటీలప్పుడు. మీరు అరుగు మీదే మాట్లాడి పంపేశారు. నేను కాఫీ కలుపుకొచ్చేసరికి లేడు. ఆ కాఫీ కూడా మీరే తాగారు.” ఇంకో ఇడ్లీ వేస్తూ, అదేదో మామూలు సంగతన్నట్టు చెప్పింది. చట్నీ గిన్నె నా వైపు జరిపి, “అప్పుడు మనమే ఇచ్చుండాల్సింది. ఆ ఏడేగా మనం సూర్యలంక రోడ్డులో స్థలం కొన్నాం,” అంది.

ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

గుర్తుంది. మొదటి నుంచీ గుర్తుంది. ఆగస్టు చివరి వారం. సంచి ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. మెట్ల కిందే నిలబడ్డాడు.

“నువ్వొకసారి రామబ్రహ్మం గారితో చెప్పరా శంకరం. నేను వెళ్లలేకపోతున్నా. ఆ వీధిలోకి వెళితే చాలు, ఎవరో ఒకరు చెయ్యి కలిపి మెచ్చుకుంటున్నారు. నెలాఖరులోపు అమ్మాయిని చేర్పించాలంట.”

నెలాఖరులోపు. ఆ మాట అన్నాడు. గడువు నాకు తెలియదని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను.

నేనన్న మాటలు ఇవి: “సెప్టెంబరు పదిన ఫైనల్సురా. ఇది నిజంగా జరిగిన కథని న్యాయనిర్ణేతలందరికీ తెలుసు. ఇప్పుడు నువ్వెళ్లి ఆ డబ్బు తీసుకున్నావంటే నాటిక నవ్వులపాలవుతుంది. కాస్త ఆగు, అది కాగానే నేనే నిన్ను తీసుకెళ్తా.”

“సరేరా,” అన్నాడు.

ఉత్తమ రచన, ఉత్తమ ప్రదర్శన, రెండూ వచ్చాయి. పన్నెండో తేదీన స్వీట్లు పట్టుకుని తెనాలి వెళ్లాను. నజీర్ లడ్డూ నోట్లో పెట్టుకుని, “సీటు ఇంకెవరికో ఇచ్చేశారంట,” అన్నాడు. వచ్చే ఏడు చూద్దామన్నాను. వచ్చే ఏడు ఖతీజాకి పెళ్లి చేసి రేపల్లె పంపించారు.

ఆమె నన్నేమీ అడగలేదు మొన్న. ‘అవునా’ అని మాత్రం అంది.

28 సెప్టెంబర్, ఆదివారం

వారం రోజులు కూర్చుని చివరి రంగం మార్చాను. టైలర్‌కి కూతురు ఉంది. అతను రెండో మాట కూడా అంటాడు. కవరు ఇచ్చే ఆయన నవ్వడు. తెనాలి తీసుకెళ్లి నజీర్‌కి చదివి వినిపించాను.

విన్నంతసేపూ మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. “వద్దురా,” అన్నాడు.

“జరిగింది ఇదే కదా నజీర్.”

“నాకు తెలీదా? నేనన్న మాట నాకు తెలీదా?” గోడ మీది కటింగు వైపు చూశాడు. “ఇరవై ఏళ్ల నుంచి ఈ ఊళ్లో నన్ను చూసి లేచి నిలబడుతున్నారు. టైలర్‌ని చూసి ఎవరు లేస్తార్రా? కొట్టు పోయింది, కళ్లు పోతున్నాయి. ఇదొక్కటే మిగిలింది. దీన్ని కూడా తీసేయకు.”

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి మున్నీసా అంది, “మీకది మిగిలింది. అమ్మాయికేం మిగిలింది?”

ముప్పై ఏడేళ్లుగా ఆ ఇంటికి వెళ్తున్నాను. నా ముందు ఆమె భర్తకి ఎదురు చెప్పడం ఎప్పుడూ వినలేదు. ఇవాళ కూడా గొంతు పెంచలేదు. అని, లోపలికి వెళ్లింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది.

నేను కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. స్టేషన్లో బాపట్ల బండి వచ్చి వెళ్లిపోయింది. ఎక్కాలని తోచలేదు. ఆ తర్వాతది ఎక్కాను.

3 అక్టోబర్

నజీర్ ఫోన్.

“నిన్న రేపల్లె వెళ్లొచ్చానురా. షాపు ఎదురుగా టీకొట్టు దగ్గర కూర్చున్నా. అది నన్ను చూడలేదు. ఎవరో పెద్దాయనకి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మూడుసార్లు చెప్పింది. విసుక్కోలేదు. ఆయన వెళ్తుంటే మెట్టు దగ్గర చెయ్యి పట్టుకుని దింపింది.” అప్పుడన్నాడు, “మార్చరా.”

“సరే.”

“ఆగు. నా ఒక్కడి పరువే ఎందుకు పోవాలి? నేను మీ ఇంటికొచ్చిన రోజు కూడా రాయి. నువ్వు కూడా ఉండు అందులో.”

“లైన్లో ఉన్నావా?” అని అతను రెండుసార్లు అడగాల్సి వచ్చింది. సరే అన్నాను.

7 అక్టోబర్

రాశాను. అందులో రచయిత వరండాలో అటూ ఇటూ నడుస్తాడు. ఆకాశం వైపు చూస్తాడు. కళ గొప్పదా మనిషి గొప్పవాడా అని తనలో తను నలిగిపోతాడు. చివరికి స్నేహితుడి భుజం మీద చెయ్యి వేసి, తడి గొంతుతో, ఆగమంటాడు. ఫోన్లో నజీర్‌కి చదివాను.

నవ్వాడు. “ఇంత బాగా మాట్లాడి ఉంటే నేనే నీ మీద జాలిపడి వచ్చేసేవాణ్ణి. ఇవేమీ అనలేదు నువ్వు. గడియారం చూసుకున్నావు.”

8 అక్టోబర్

గడియారం పెట్టాను.

12 అక్టోబర్, ఆదివారం

ఆరోసారి రాశాను. రచయితకి నాలుగు వాక్యాలే మిగిలాయి. నేనన్నవే. నాలుగు వాక్యాలు రాయడానికి ఐదు రోజులు పట్టింది నాకు, ఇరవై ఏడు నాటికలు రాసినవాణ్ణి.

ఖతీజాకి ఫోన్ చేసి, కూతురి పాత్ర పేరు వేరే పెడతాను, ఇబ్బంది లేకుండా, అన్నాను.

“వద్దు మామయ్యా. నా పేరే ఉంచండి. ఒకసారి తీసేశారు, చాలు.”

14 అక్టోబర్

రాజీవ్ కొత్త ప్రతి చదివి బాపట్ల పరిగెత్తుకొచ్చాడు. “సార్, చప్పట్లు రావండి దీనికి. హీరోయే లేడు. అందరూ మామూలు మనుషులే. ఆ రచయిత పాత్ర అయితే మరీ చవకగా ఉందండి. కాస్త గొప్పగా పశ్చాత్తాపపడనివ్వండి ఆఖర్లో.”

అతను పశ్చాత్తాపపడలేదయ్యా, బహుమతి తీసుకున్నాడు, అన్నాను.

నాకేసి చూశాడు. అర్థమైంది అతనికి. తల వంచుకుని కాగితాలు తిరగేశాడు. ఒక్క ప్రదర్శన చూద్దామన్నాడు.

28 అక్టోబర్

తుఫాను. రైళ్లు ఆపేశారు. తెనాలిలో రిహార్సల్ లేదు. అసలు ప్రదర్శనే ఆగిపోతే బాగుండునని ఒక్కక్షణం అనిపించింది.

ఒక్కక్షణం కాదు. సాయంత్రం దాకా అదే అనుకున్నాను.

9 నవంబర్, ఆదివారం

ఐదింటికి మొదలైంది. నజీర్ తెల్లచొక్కాలో ముందు వరసలో, పక్కన మున్నీసా. ఖతీజా ఆరంభమయ్యాక వచ్చి తల్లి పక్కన కూర్చుంది. రానంది కదా, నేను చూడనట్టు ఉన్నాను.

కవరు రంగం దగ్గర హాల్లో కదలిక. పాత నాటిక చూసినవాళ్లు చప్పట్లకి చేతులు లేపారు కూడా. వేదిక మీద టైలర్, “ఇక్కడ వద్దండి,” అని, తల దించుకుని, “రేపు ఇంటికొచ్చి తీసుకుంటానండి,” అన్నాడు. లేచిన చేతులు మెల్లిగా కిందికి దిగాయి. తర్వాత అరుగు రంగం. రచయిత గడియారం చూసుకుని ‘ఆగు’ అన్నప్పుడు వెనక నుంచి ఎవరో గట్టిగా “ఛీ” అన్నారు. ఎవరో తెలియదు. తిరిగి చూడలేదు.

చివర్లో దీపాలు ఆరాక అయిపోయిందో లేదో జనానికి తెలియలేదు. కొంతమంది చప్పట్లు కొట్టారు, కొంతమంది చెప్పులు వెతుక్కున్నారు. మా నాటక పరిషత్తు పెద్దాయన ఒకరు నా దగ్గరకొచ్చి, “పాతదే బాగుందండీ ఉమాశంకర్ గారూ. జనం కళ్లు తుడుచుకుని హాయిగా ఇంటికెళ్లాలి గానీ, ఇలా తల దించుకుని వెళ్తే ఎలాగండి?” అన్నారు.

రాజీవ్ నజీర్‌ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి మైకు ఇచ్చాడు. నజీర్ మైకు వైపు కాసేపు చూశాడు.

“ఆ రోజు నాకు డబ్బు కావాలండి. మా అమ్మాయి చదువు కోసం. రామబ్రహ్మం గారు మంచి మనసుతోనే ఇచ్చారు. నలుగురిలో సిగ్గుపడ్డాను. తర్వాత చప్పట్లు బాగున్నాయనిపించింది. అంతేనండి.”

మైకు ఇచ్చేసి దిగాడు. ఎవరూ లేచి నిలబడలేదు. మున్నీసా లేచి అతనికి దారి ఇచ్చింది. శాలువా తీసి ఆమె చేతిలో పెడితే మడిచి సంచిలో పెట్టుకుంది, చలికాలం పనికొస్తుందని.

నేను ఖతీజా దగ్గరకి వెళ్లాను. “ఎలా ఉందమ్మా?” ఇంకేమీ తోచక, రచయితలు అడిగే మాటే అడిగాను.

“ఆ పిల్ల బాగా చేసింది మామయ్యా.” హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. “సీటు పోయిందని తెలిసినప్పుడు నేను ఏడ్చినట్టు పెట్టారు. ఏడవలేదు. పుస్తకాలన్నీ పక్కింటి సౌజన్యకి ఇచ్చేశాను. తను చదివింది. గుంటూరు పెద్దాసుపత్రిలో చేస్తోందిప్పుడు.”

“మార్చమంటావా?”

“వద్దు. ఇంక చాలు.” వాచీ చూసుకుంది. “రేపల్లె బండికి టైమైంది.” తల్లి చెయ్యి ఒకసారి నొక్కింది. తండ్రి దగ్గర ఆగి, అతని కాలరు మడత సరిచేసింది. వెళ్లిపోయింది.

ఆటో కోసం నిలబడ్డాం. నజీర్ చెప్పులతో నేల గీస్తూ, “ఒకటి మర్చిపోయావురా,” అన్నాడు. “ఆ రోజు నువ్వు లోపలికెళ్లి తలుపేసుకున్నాక నేను వెంటనే వెళ్లలేదు. గేటు బయట గోడవార నిలబడ్డా. మళ్లీ పిలుస్తావేమోనని.”

“ఎంతసేపు?”

“చాలాసేపే. వాన మొదలైంది. వెళ్లిపోయా.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేంట్రా?”

“చెబితే నాటికలో పెడతావని.”

ఆటో వచ్చింది. నజీర్, మున్నీసా ఎక్కారు. నన్నూ ఎక్కమన్నారు. నడిచి వెళ్తానన్నాను.

11 నవంబర్

రాజీవ్ ఫోన్ చేశాడు. బహుమతులు ప్రకటించారు, మనకేమీ రాలేదు, అయినా మా వాళ్లంతా కొత్తదే వేద్దామంటున్నారు సార్, అన్నాడు. వేసుకోమన్నాను. ఇంకేమైనా చేర్చాలా అని అడిగాడు. లేదన్నాను.

నజీర్ గోడవార నిలబడ్డంతసేపూ నేను లోపల ఏం చేశానో రెండు రోజులుగా గుర్తు తెచ్చుకుంటున్నాను. ఇవాళ గుర్తొచ్చింది. ఫైనల్స్ కోసం చివరి రంగంలో అతని మాటలు దిద్దుకుంటూ కూర్చున్నాను. వాన మొదలయ్యాక, కాగితాలు తడుస్తాయని లేచి, వీధి వైపు కిటికీ వేసేశాను.